కాటా చిట్టీ నుంచి కోర్టు దాకా: వ్యాపార తగాదాల వకీలు కథ

మూడు పట్టణాల వర్తకం పెరిగింది, తగాదాలు పెరిగాయి, ఆ పని తెలిసిన న్యాయవాదులు పెరగవలసి ఉన్నది

సూర్యాపేట (గ్రామీణ విలేఖరి):

సూర్యాపేట వ్యవసాయ మార్కెట్ యార్డులో ధాన్యం రాశులు, మిర్యాలగూడలో రైసు మిల్లుల పొగగొట్టాలు, కోదాడ దాటి సరిహద్దు వైపు సాగే లారీల వరుసలు చూచిన వారికి ఇది వర్తకం మీద బతికే ప్రాంతమని వేరే చెప్పనక్కరలేదు. వర్తకం ఉన్న చోట బాకీ ఉంటుంది. బాకీ ఉన్న చోట తగాదా తప్పదు. ఆ తగాదాను పెద్దమనుషులు తేల్చలేనప్పుడు వకీలు గుమ్మం తొక్కవలసిందే.

హత్య కేసులు వాదించే ప్లీడరు గారిని ఊరంతా గుర్తు పడుతుంది. భూమి తగాదాలు చూచే ప్లీడరు గారు ప్రతి రైతుకూ తెలుసు. కాని సరుకు అమ్మకం, భాగస్వామ్యం, కాంట్రాక్టు పనులు, రవాణా బాడుగలు, యంత్రాల సరఫరా వంటి వ్యవహారాలలో దావా నడిపేవారు, కోర్టు బయట మధ్యవర్తి ముందు వాదించేవారు ఎవరని అడిగితే చాలామంది హైదరాబాదు వైపు చేయి చూపుతారు. ఈ వృత్తి ఎటువంటిది, దానితో మన ప్రాంతానికి పని ఏమిటి అన్నది తెలుసుకోవడం వర్తకులకే కాదు, నల్లకోటు వేసుకోవాలనుకునే మన పిల్లలకూ అవసరం.

నోటి మాట మీద నడిచిన కాలం

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత ఎడమ కాలువ కింద వరి విస్తరించింది. వరి వెంట మిల్లులు వచ్చినవి. మిల్లుల వెంట గోనె సంచులు, యంత్రాలు, లారీలు, దలాలీలు, కమీషన్ ఏజెంట్లు వచ్చారు. ఇటు మట్టంపల్లి, మేళ్లచెరువు, అటు వాడపల్లి ప్రాంతాలలో సున్నపురాయి ఆధారంగా సిమెంటు కర్మాగారాలు వెలిసినవి. వాడపల్లి వద్ద విష్ణుపురంలోని రాశీ సిమెంట్స్ 1998లో ఇండియా సిమెంట్స్ చేతికి పోయింది. ఆ ఇండియా సిమెంట్స్ కూడా 2024 డిసెంబరులో అల్ట్రాటెక్ వశమైంది. కర్మాగారం ఉన్న చోటనే ఉన్నది; యాజమాన్యం మారినప్పుడల్లా ఎన్నో ఒప్పందాలు తిరగరాయవలసి వస్తుంది.

తొలి రోజులలో ఈ వ్యాపారమంతా నోటి మాట మీద, తెల్ల కాగితం మీద రాసిన చిట్టీ మీద నడిచేది. పేచీ వస్తే ఊరి పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి ఫైసలా చేసేవారు. పెద్దల మాటకు విలువ ఉన్నంత కాలం అది చెల్లింది. కొనేవాడు కాకినాడలోనో, చెన్నైలోనో, ముంబయిలోనో ఉన్నప్పుడు మన ఊరి పెద్దల మాట అతనికి పట్టదు. ఇక్కడే చట్టప్రకారం మధ్యవర్తిత్వం, అంటే ఆర్బిట్రేషన్ అవసరం వచ్చింది.

పంచాయితీకి దీనికి తేడా ఉన్నది. తగాదా మధ్యవర్తి తేల్చాలని ఉభయులూ రాతపూర్వకంగా ఒప్పుకొని ఉండాలి. మధ్యవర్తుల సంఖ్య బేసిగా ఉండాలి; సాధారణంగా ఒకరు, లేదా ముగ్గురు. ముగ్గురైతే చెరొకరిని ఎన్నుకొంటారు, ఆ ఇద్దరూ కలసి మూడవ వారిని ఎన్నుకొంటారు. ఇద్దరికీ సమానంగా చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. తీర్పుకు కారణాలు రాయాలి. ఆ తీర్పు కోర్టు డిక్రీ వలె అమలవుతుంది.

1940 నాటి పాత చట్టం కింద ఇది సవ్యంగా సాగలేదు. ఆ చట్టం నడిచిన తీరు న్యాయవాదులకు నవ్వును, న్యాయతత్వం తెలిసిన వారికి ఏడుపును తెప్పించినదని 1981లో సుప్రీంకోర్టే వ్యాఖ్యానించింది. 1996లో కొత్త చట్టం వచ్చింది. 2015, 2019 సంవత్సరాలలో దానికి సవరణలు జరిగినవి. దేశంలోని తగాదాలలో ఇరుపక్షాల వాదపత్రాలు పూర్తయిన నాటి నుంచి పన్నెండు నెలలలో తీర్పు రావాలన్నది నేటి నియమం. ఉభయులూ ఒప్పుకుంటే మరో ఆరు నెలలు. ఆపైన కోర్టు అనుమతి కావాలి.

మూడేళ్ల గడువు మింగిన సొమ్ము

ఈ విలేఖరి మేనమామ ఒకరికి మిర్యాలగూడలో చిన్న వెల్డింగు షాపు ఉండేది. మిల్లులకు ఎలివేటర్లు, తొట్లు చేసి ఇచ్చేవాడు. ఒకసారి పొరుగు రాష్ట్రపు సంస్థ ఒకటి పెద్ద ఆర్డరు ఇచ్చింది. ఇంగ్లీషులో ఉన్న నాలుగు పేజీల కాగితం మీద సంతకం పెట్టించుకున్నది. సరుకు పోయింది. సగం డబ్బు వచ్చింది. మిగిలిన నాలుగు లక్షల పైచిలుకుకు ప్రతి నెలా ఫోను చేస్తే, ప్రతి నెలా వచ్చే నెల అన్నారు. మంచిగా పోతే ఇస్తారని, కోర్టుకు పోతే ఉన్న ఆర్డర్లు కూడా పోతాయని మామయ్య ఆగాడు.

చివరకు వకీలు వద్దకు పోయిన నాడు ఆయన సొమ్ము ఎంత అని అడగలేదు. సరుకు ఏ తేదీన ఇచ్చారని అడిగాడు. అప్పటికి మూడేళ్ల నాలుగు నెలలు దాటినది. బాకీ దావాకు మూడేళ్లే గడువు. మధ్యవర్తి వద్దకు పోయినా అదే లెక్క. ఆ మూడేళ్లలోగా బాకీ ఉన్నామని వారు ఒక్క ఉత్తరం రాసి సంతకం పెట్టి ఉంటే, ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలయ్యేది. కొంత సొమ్ము చెల్లించి ఆ మాట రాతలో పెట్టినా సరిపోయేది. ఫోనులో ఇచ్చిన హామీలకు రాత ఎక్కడిది? పైగా ఆ నాలుగు పేజీలలో మూడవ పేజీ అడుగున, తగాదా వస్తే వారి నగరంలోనే మధ్యవర్తి తేల్చాలని ఉన్నది. ఆ వాక్యం అప్పటి వరకు మా ఇంట్లో ఎవరూ చదవలేదు. షాపు మూతబడింది. మామయ్య ఇప్పుడు వేరొకరి షాపులో పని చేస్తున్నాడు.

సంతకం పెట్టక ముందు ఆ కాగితాన్ని ఒక వకీలుకు చూపి ఉంటే అయ్యే ఖర్చు, పోయిన సొమ్ములో వందో వంతు కూడా ఉండేది కాదు. తగాదా రాకుండా కాగితం సరిచేయడమే ఈ వృత్తిలో సగం పని.

ఒక్క మాట విలువ

కాగితంలో ఒక్క మాట ఎంత పని చేస్తుందో చెప్పడానికి 2000 సంవత్సరపు వెల్లింగ్‌టన్ అసోసియేట్స్ వ్యవహారం చాలు. తగాదాను మధ్యవర్తికి నివేదించవచ్చు అని ఆ ఒప్పందంలో ఉన్నది. నివేదించవలెను అని లేదు. వచ్చు అన్నంత మాత్రాన అది కట్టుబాటు కాదని, ఆ సమయానికి ఉభయులూ మళ్లీ ఒప్పుకుంటేనే మధ్యవర్తిత్వమని తీర్పు వచ్చింది. ఆ తీర్పు చెప్పిన న్యాయమూర్తి రాజమండ్రికి చెందిన జస్టిస్ మామిడన్న జగన్నాధరావు.

మధ్యవర్తిత్వం జరిగే స్థానం అన్న మాట కూడా అంతే. ఏ ఊరిని స్థానంగా రాసుకుంటే ఆ ఊరి కోర్టులకే అధికారమని 2017లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కోదాడ వర్తకుడు దూరపు నగరం పేరున్న కాగితం మీద సంతకం పెడితే, తరువాత ప్రతి వాయిదాకు రైలు టికెట్టు కొనుక్కోవలసిందే. అలాగే తగాదాలో లాభనష్టాలు ఉన్న మనిషి తానే ఏకైక మధ్యవర్తిని నియమించడం చెల్లదని 2019లో తీర్పు వచ్చింది. ఎదుటి సంస్థ యజమాని చెప్పిన వ్యక్తే మధ్యవర్తి అని ఒప్పందంలో ఉన్నా భయపడనక్కరలేదు. కోర్టుకు పోయి తటస్థుని కోరవచ్చు.

మన రోడ్డు మీదనే పెద్ద తగాదా

మధ్యవర్తిత్వం అంటే ఎక్కడో దూరాన జరిగే వ్యవహారమనుకునేవారు హైదరాబాదు-విజయవాడ రహదారిని తలచుకోవాలి. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే ఈ 65వ నంబరు జాతీయ రహదారిని నాలుగు వరుసలు చేసి, టోలు వసూలు చేసుకునేందుకు జీఎంఆర్ సంస్థకు, జాతీయ రహదారుల ప్రాధికార సంస్థకు 2009లో ఒప్పందం కుదిరింది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు వద్ద టోలు గేట్లు వెలిసినవి.

2014లో రాష్ట్రం రెండయినది. కోదాడకు, జగ్గయ్యపేటకు మధ్య రాష్ట్ర సరిహద్దు వచ్చింది. సరిహద్దు వలన, ఇసుక రవాణా మీద ఆంక్షల వలన లారీల రాకపోకలు తగ్గి తమకు నష్టం వచ్చినదని, ఒప్పందంలోని "చట్టంలో మార్పు" అన్న షరతు కింద పరిహారం ఇవ్వాలని సంస్థ కోరింది. మధ్యవర్తుల బృందం 2020 మార్చి 31న విభజన చట్టంలో మార్పే అవుతుందని తేల్చింది. అయితే నష్టం ఎంతో లెక్క కట్టే పనిని రహదారుల సంస్థకే వదలింది. ఎవరు ఇవ్వాలో వారే లెక్క కట్టడమేమిటన్న ప్రశ్న వచ్చింది. 2020 ఆగస్టు 4న ఢిల్లీ హైకోర్టు ఆ లెక్క తేల్చేందుకు సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఒకరిని ఏకైక మధ్యవర్తిగా నియమించింది. ఆ తరువాత కూడా వ్యాజ్యం సాగి, చివరకు ఉభయుల మధ్య పరిష్కారం కుదిరింది. 2024 జూలై 1 నుంచి టోలు వసూలు రహదారుల సంస్థ చేతిలోకి పోయింది.

మన కళ్ల ముందు తిరిగిన లారీల సంఖ్య వందల కోట్ల తగాదాకు సాక్ష్యమైనది. ఏ నెలలో ఏ గేటు దాటిన బండ్లు ఎన్ని, అందులో బరువు బండ్లు ఎన్ని, విభజన లేకుంటే ఎన్ని పోయి ఉండేవి అన్న లెక్కల చుట్టూ వాదన నడిచింది. వ్యాపార వ్యాజ్యపు వకీలుకు సెక్షన్లతో పాటు పద్దు పుస్తకం కూడా చదవడం రావాలనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

ముగ్గురు తెలుగు న్యాయకోవిదులు

ఈ రంగానికి దారి వేసిన వారిలో తెలుగువారు ఉండటం విశేషం. ఉస్మానియాలో చదివి సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి లా కమిషన్ అధ్యక్షునిగా ఉండగా 2001లో మధ్యవర్తిత్వ చట్టం సవరణలపై 176వ నివేదిక వెలువడింది. ఆయన తరువాత ఆ పదవి చేపట్టిన జస్టిస్ జగన్నాధరావు కాలంలో 2003లో వచ్చిన 188వ నివేదిక, హైకోర్టులలో వాణిజ్య వ్యాజ్యాలకు వేరుగా విభాగాలు ఉండాలని సూచించింది. అదే ఆలోచన పలు మార్పులతో 2015లో వాణిజ్య న్యాయస్థానాల చట్టమైనది.

మూడవ వారు జస్టిస్ ఎన్.వి. రమణ. కోదాడ దాటి నందిగామ ప్రాంతానికి పోతే వచ్చే పొన్నవరం ఆయన స్వగ్రామం. 1983లో న్యాయవాదిగా నమోదై, 2021 ఏప్రిల్‌లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన చొరవతో 2021 డిసెంబరు 18న హైదరాబాదులో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం ప్రారంభమైంది. దానికి రాయదుర్గంలో చేసిన భూమి కేటాయింపును 2025 జూన్‌లో రాష్ట్ర హైకోర్టు రద్దు చేయడం వేరే సంగతి.

ఆయన రాసిన 2019 నాటి డైనా టెక్నాలజీస్ తీర్పు ప్రతి మధ్యవర్తి చదవదగినది. జలచరాల పెంపకం కేంద్రపు నిర్మాణ కాంట్రాక్టు మధ్యలో రద్దయింది. 1998లో మధ్యవర్తుల తీర్పు వచ్చింది. ఆ తీర్పులో కారణాలు సరిగా లేవని కోర్టులలో నడిచి నడిచి 2019కి వచ్చింది. కారణాలు అర్థమయ్యే రీతిలో ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. మళ్లీ మొదటికి పంపితే ఇంకెన్నాళ్లో అని, 30 లక్షల రూపాయలు ఇచ్చి తెగతెంపులు చేసుకోమన్నది. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు.

నల్లకోటు నుంచి పేరు దాకా

ఇంటర్ తరువాత అయిదేళ్ల కోర్సు, డిగ్రీ తరువాత మూడేళ్ల కోర్సు. లాసెట్ రాసి చేరవచ్చు. హైదరాబాదు వద్ద 1998లో స్థాపించిన నల్సార్ విశ్వవిద్యాలయానికి వేరే జాతీయ పరీక్ష ఉన్నది. పట్టా వచ్చాక బార్ కౌన్సిల్‌లో నమోదు, ఆపైన అఖిల భారత బార్ పరీక్ష. ఇంతవరకు అందరికీ ఒకటే.

తేడా ఆ తరువాత వస్తుంది. జూనియర్‌గా చేరిన తొలి సంవత్సరాలలో చేతికి వచ్చేది తక్కువ. సీనియర్ ఫైళ్లు మోయడం, వాయిదాలు రాసుకోవడం, నోటీసులు తయారు చేయడం సరిపోతుంది. ఆ కాలంలోనే కాగితం చదవడం అలవడాలి. ధాన్యం అమ్మకపు తగాదానే చూడండి. కాటా చిట్టీ, లారీ రశీదు, జీఎస్టీ బిల్లు, ఈ-వే బిల్లు, బ్యాంకు ఖాతా అన్నీ ఒకే కథ చెప్పాలి. ఒక్క దానిలో తేదీ గాని, బరువు గాని తేడా వస్తే ఎదుటి వకీలు ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి. తేమ 17 శాతం దాటినదా, తరుగు ఎవరి లెక్క ప్రకారం తీశారు, బస్తాలు లెక్కపెట్టిన గుమాస్తా ఎవరు అని అడుగుతాడు. మిల్లు పని తెలియని వకీలు ఈ ప్రశ్నలు వేయలేడు, కాచుకోలేడు.

మన ఖాతా పుస్తకంలో బాకీ అని రాసుకున్నంత మాత్రాన ఎదుటివాడు బాకీపడడు. పుస్తకం సాక్ష్యమే గాని, అదొక్కటే చాలదని చట్టం. వాట్సాప్ సందేశాలు కూడా సాక్ష్యమే. అయితే 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టం కోరిన ధ్రువపత్రం వాటికి జతచేయాలి. ఫోను పోయినదంటే సాక్ష్యం పోయినట్లే.

వాణిజ్య న్యాయస్థానాల చట్టం మొదట కోటి రూపాయలు దాటిన తగాదాలకే వర్తించేది. 2018 సవరణతో ఆ పరిమితి మూడు లక్షలకు దిగింది. దానితో ఈ చట్టం చిన్న వర్తకుని గుమ్మంలోకి వచ్చింది. ప్రతివాది జవాబు దావా వేయడానికి 30 రోజులు, ఎంత బతిమాలినా 120 రోజులు. ఆపైన తలుపు మూసినట్లే. వాయిదా మీద వాయిదా కోరే పాత అలవాటు ఇక్కడ సాగదు. అత్యవసర ఉత్తర్వులు అవసరం లేని దావాకు ముందుగా రాజీ ప్రయత్నం చేసి తీరాలని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అది మరచి దావా వేస్తే దావా తిరస్కరిస్తారు.

అనుభవం వచ్చిన వకీలు కోర్టులో వాదిస్తాడు, మధ్యవర్తి ముందు వాదిస్తాడు. పేరు నిలబడితే తానే మధ్యవర్తిగా కూర్చోవచ్చు. ఆ కుర్చీకి కావలసింది నిష్పాక్షికత. ఇరుపక్షాలలో ఎవరితోనైనా తనకు సంబంధం ఉంటే ముందుగానే రాసి చెప్పాలి. చిన్న పట్టణంలో అందరూ అందరికీ ఎరిగినవారే గనుక ఈ నియమం ఇక్కడ మరింత కఠినమైన పరీక్ష.

ఖర్చు మాట

మధ్యవర్తిత్వం చౌక అనుకోరాదు. చట్టంలోని నమూనా పట్టిక ప్రకారం 5 లక్షల లోపు తగాదాకు మధ్యవర్తి రుసుము 45 వేలు. 20 లక్షల తగాదాకు 97,500 రూపాయలు. ఒక్కరే మధ్యవర్తి అయితే దానిపై నాలుగో వంతు అదనం. వకీలు ఫీజు, గది అద్దె వేరు. మా మామయ్య వంటి నాలుగు లక్షల వాడికి ఇది మోయలేని బరువే.

అటువంటి వారికి 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం అండ. సరుకు అందుకున్నవాడు 45 రోజులకు మించి బాకీ పెట్టరాదు. పెడితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. అమ్మినవాడు తన రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా సరే. ఒప్పందంలో వేరే మధ్యవర్తి షరతు ఉన్నా ఈ చట్టమే పైచేయి అని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పుపై పైకి పోదలచిన కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము జమ చేయాలి. అయితే సరుకు పంపక ముందే ఉద్యమ్ నమోదు చేయించుకొని ఉండటం మేలు. మన పట్టణాలలో ఎన్ని వెల్డింగు షాపులు, ఎన్ని చిన్న మిల్లులు ఈ నమోదు విలువ తెలిసి చేయించుకున్నాయో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

చేయవలసినది

2016లో సూర్యాపేట జిల్లా అయినది. కోదాడ అందులో చేరినది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలో ఉండిపోయినది. 2022 జూన్ 2న కొత్త న్యాయ జిల్లాలు ప్రారంభమై సూర్యాపేటకు సొంత జిల్లా న్యాయస్థానం వచ్చింది. కోర్టు దగ్గరయినది. ఇక కావలసినది ఆ పని తెలిసిన వకీళ్లు. మిల్లర్ల సంఘాలు, వర్తక సంఘాలు, బార్ అసోసియేషన్లు కలసి ఏడాదికి ఒకసారైనా ఒప్పంద పత్రాల మీద అవగాహన సదస్సు పెడితే ఎన్నో షాపులు మూతబడకుండా ఉంటాయి. కొన్నవాడికి ఇంగ్లీషు ప్రతి ఇచ్చినా, అమ్మేవాడి చేతిలో తెలుగు ప్రతి ఒకటి ఉంటే మూడవ పేజీ అడుగున ఏమున్నదో ముందే తెలుస్తుంది.

చదువుకున్న యువకులు ఈ పనికి హైదరాబాదే పోవాలని లేదు. ధాన్యం వాసన తెలిసిన వకీలు ధాన్యం తగాదాను బాగా వాదిస్తాడు. వర్తకులు మాత్రం అంతవరకు ఒక్క పని చేయవచ్చు. కాటా చిట్టీ పారవేయకండి, తేదీ మరువకండి, బాకీ ఉన్నానన్న మాటను సంతకంతో కాగితం మీద రాయించుకోండి. మూడేళ్లు ఎంతో దూరం అనిపిస్తుంది గాని, బాకీ వసూలు కోసం తిరిగేవాడికి అవి ఇట్టే గడచిపోతాయి.